కయ్యము పరులకే... తర్వాత వియ్యమా, నెయ్యమా?

ప్రశ్న: ఇంటర్‌లో మా చరిత్ర మాస్టారు ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ రాజవంశం పాఠంలో ఒక లాటిన్ పద్యపాదాన్ని తెలుగు చేసి చదివేవారు. "కయ్యము పరులకే, ఆస్ట్రియా, ...య్యము నీకు". ఆ ఖాళీలో 'వి' ఉందా, 'నె' ఉందా? వారం నుంచి నిద్ర పట్టడం లేదు.

జవాబు: వియ్యమే. మూలం "బెల్లా గెరంత్ అలియీ, తూ ఫేలిక్స్ ఆవుస్త్రియా నూబే". నూబే అంటే పెళ్లాడు. 1477లో హాబ్స్‌బర్గ్ యువరాజు మాక్సిమిలియన్‌కు బర్గండీ వారసురాలు మేరీ, 1496లో అతని కొడుకు ఫిలిప్‌కు కాస్టిల్ హువానా. ఆ రాజ్యాలన్నీ దక్కిన 5వ చార్లెస్ వాళ్ల కొడుకే. నెయ్యానికి రాజ్యాలెవరిస్తారు?

జవాబు: తొందరపడకండి. ఆ పాదంలో మొదటి సగం రోమన్ కవి ఓవిడ్‌ది. "యుద్ధాలు ఇతరులు చేయనీ, ప్రొటెసిలావుస్ ప్రేమించనీ" అని అతని భార్య లవొదామియా ట్రాయ్ యుద్ధానికి బయల్దేరిన భర్తకు రాస్తుంది. ట్రాయ్ నేల మీద అడుగుపెట్టి మొదట చనిపోయే గ్రీకువాడు అతనే. ఆమెకు ఆ సంగతి తెలియదు, చదివే మనకు తెలుసు. ఎన్నిసార్లు చదివినా అక్కడ గొంతు పట్టేస్తుంది నాకు. ఓవిడ్ చదివిన మాస్టారైతే నెయ్యమనే అంటారు.

జవాబు: ప్రాసయతి రెండింటికీ సరిపోతుంది, ఛందస్సుతో తేలదు. అర్థమే చూడాలి. వియ్యం ఇద్దరు మనుషుల మధ్యది కాదు, రెండిళ్ల మధ్యది. 1515లో వియన్నాలో జరిగింది అచ్చంగా కుండమార్పిడి. మాక్సిమిలియన్ మనుమరాలు మరియా హంగరీ యువరాజు లాయోష్‌కు, లాయోష్ అక్క అన్నా ఈయన మనుమడికి. ఏ మనుమడో అప్పటికి తేలక తాతే పీటల మీద నిలబడ్డాడు. 1526లో లాయోష్ మొహాచ్ యుద్ధంలో పోతే, అన్నా భర్త ఫెర్డినాండ్ బొహీమియాకూ హంగరీకీ రాజయ్యాడు.

జవాబు: అసలు చిక్కు నూబేలో ఉంది మాస్టారూ. అది ఆడపిల్ల పెళ్లాడటానికి వాడే మాట. మగవాడైతే 'ఉక్సోరెం దూకెరే', భార్యను తోడ్కొనిపోవడం. 18 ఏళ్ల మాక్సిమిలియన్ తనకంటే రెండేళ్లు పెద్దదైన మేరీ కోసం గెంట్ దాకా వెళ్లాడు. కవి ఇల్లరికాన్నే పట్టుకున్నాడని నా నమ్మకం.

జవాబు: ఆస్ట్రియా లాటిన్‌లో స్త్రీలింగం, అంతకు మించి వెతకనక్కర్లేదు.

జవాబు: ఇది హంగరీ రాజు మాత్యాష్ పద్యమని చెప్పుకుంటారు కదా?

జవాబు: ఆయన 1490లోనే పోయాడండీ. కాస్టిల్ పెళ్లే చూడలేదు, ఆయనది ఎలా అవుతుంది? పైగా 'కయ్యము పరులకే' అన్నదీ నిజం కాదు. మేరీని చేసుకున్న రెండేళ్లకే మాక్సిమిలియన్ గినెగాట్‌లో ఫ్రెంచివాళ్లతో తలపడ్డాడు, ఆమె ఆస్తి నిలుపుకోవడానికే.

ప్రశ్న అడిగినవారు: మాస్టారు రెండో పాదం కూడా చెప్పేవారు. అందులో వీనస్ పేరు ఉన్నట్టు గుర్తు.

జవాబు: చూశారా, వీనస్! "దత్ తిబి రేగ్నా వేనుస్", రాజ్యాలు నీకు వీనస్ ఇస్తుంది. ప్రేమదేవత వచ్చాక నెయ్యం కాక ఏమవుతుంది?

జవాబు: రేగ్నా కాదు, 'దీవా వేనుస్', అంటే దేవి వీనస్. నేను చదివిన పాఠం అదే.