వాన సంగతి ముందు చెప్పేది మోకాలా, యాపా?

సుగుణ_58:
రెండ్రోజులుగా ఎడమ మోకాలు ఒకటే సలుపు. ఫోన్లో యాప్ చూస్తే ఎండ బొమ్మ, వాన అవకాశం 20 శాతం అని ఉంది. నేను మాత్రం ఆరేసిన బట్టలు తీసేయమన్నా, పిల్లలు నవ్వారు. నాలుగింటికి దంచికొట్టింది. పన్నెండేళ్ల కిందట మెట్ల మీద జారిపడి ఈ మోకాలికి ఆపరేషన్ అయింది, అప్పట్నుంచీ ఇదే వరస. శాటిలైట్ల కంటే నా మోకాలే నయం అంటాను.

లెక్కల_మాస్టారు:
20 శాతం అంటే పడదని కాదండీ. అలా చెప్పిన రోజులు ఐదు తీస్తే ఒకరోజు పడాలి, ఎప్పుడూ పడకపోతేనే యాప్ తప్పు. ఇక మోకాలు సలిపి కూడా వాన రాని రోజులు ఎన్ని? అవి ఎవరికీ గుర్తుండవు. కాకి వాలింది, తాటిపండు రాలింది, అంతే. 1996లో వచ్చిన ఒక పరిశోధనలో రెడెల్‌మైయర్, ట్వర్‌స్కీ అనే ఇద్దరు 18 మంది కీళ్లవాతం పేషెంట్లను 15 నెలలు గమనించారు, నొప్పికీ వాతావరణానికీ సంబంధం కనబడలేదు.

వానకోయిల:
మా అత్తగారికీ అంతే, ముసురుకి ముందురోజే వేళ్లు పట్టేస్తాయి.

సుగుణ_58:
18 మందిని చూసి తేల్చేస్తారా? 2019లో వచ్చిన పరిశోధనలో మాంచెస్టర్ యూనివర్సిటీ వాళ్లు 2,658 మంది చేత ఫోన్లో రోజూ నొప్పి రాయించారు. తేమా గాలీ ఎక్కువుండి వాతావరణంలో ప్రెషర్ తక్కువున్న రోజుల్లో నొప్పి పెరిగింది. మా అబ్బాయే చదివి చెప్పాడు, ఆ నవ్వినవాడే.

లెక్కల_మాస్టారు:
నేనూ చదివాను. ఎంత పెరిగిందో కూడా చెప్పండి. మామూలు రోజున నొప్పి ముదిరే అవకాశం 100లో 5 అనుకుంటే తేమా గాలీ ఉన్న రోజున 6. పైగా అది ఆ రోజు వాతావరణం గురించి, రేపటి వాన గురించి కాదు. అమెరికాలో పెద్దవయసు వాళ్లు డాక్టర్ల దగ్గరికి వెళ్లిన కోటికి పైగా విజిట్లు 2017లో లెక్కతీస్తే, వాన రోజున కీళ్లనొప్పి నడుంనొప్పి అని వచ్చినవాళ్లు ఎక్కువేం లేరు.

సుగుణ_58:
వాన పడుతుంటే సలిపే మోకాలేసుకుని ఎవరు వెళ్తారండీ డాక్టరు దగ్గరికి? ఇంట్లో కాపడం పెట్టుకుని కూర్చుంటాం.

నీలిమబ్బు:
ప్రెషర్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. సముద్రమట్టం దగ్గర సగటున 1013 మిల్లీబార్లు ఉంటుంది, పైకి 8 మీటర్లు వెళ్తే సుమారు ఒకటి తగ్గుతుంది. అంటే పదంతస్తులు లిఫ్ట్‌లో ఎక్కితేనే మూడు నాలుగు. విమానంలో అయితే క్యాబిన్ ప్రెషర్ 1800 నుంచి 2400 మీటర్ల కొండ మీద ఉన్నంతే, 200 పైగా తగ్గిపోయినట్టు. మరి విమానం ఎక్కినవాళ్లంతా మోకాళ్లు పట్టుకుని ఏడవాలి కదా?

వానకోయిల:
నేను ఎక్కాను, నాకు లాగింది.

నీలిమబ్బు:
నాలుగ్గంటలు కాళ్లు ముడుచుకుంటే ఎవరికైనా లాగుతుంది.

వానకోయిల:
మొదటి అరగంటలోనే లాగింది, ముడుచుకోవడం ఏంటి మధ్యలో.

పాత_రేడియో:
విమానం వదిలేయండి బాబూ. ఫోర్‌కాస్టులు పదేళ్లకి ఒక రోజు చొప్పున మెరుగయ్యాయి, ఇవాళ ఐదో రోజుకి చెప్పేది పదేళ్ల కిందట నాలుగో రోజుకి చెప్పినంత నమ్మకంగా ఉంటుంది. కానీ ఒక్కసారిగా లేచే ఉరుముల వాన ఏ వీధిలో పడుతుందో చెప్పడం ఇప్పటికీ కష్టమే.

లెక్కల_మాస్టారు:
సుగుణగారూ, మూడు నెలలు డైరీ రాయండి, అప్పుడు మాట్లాడదాం. అందాకా ఇది ఉత్త నమ్మకమే.

సుగుణ_58:
ఉత్త నమ్మకమా? ఆపరేషన్ అయ్యాక నొప్పి అంటే స్కాన్‌లో ఏం లేదు అంతా మనసులోనే అని పంపించేశాడు డాక్టరు. ఇంట్లో ఏమో పని తప్పించుకోడానికి అన్నారు. పన్నెండేళ్లు. నేను సలుపుతోంది అన్నాక వాన పడితే ఆ ఒక్క రోజు మాత్రం నిజమే చెప్పింది అనుకుంటారు. నాకున్న సాక్ష్యం ఆ వాన ఒక్కటే, అది కూడా లాగేసుకుంటారా మీరు?

లెక్కల_మాస్టారు:
నొప్పి అబద్ధం అని నేను అనలేదు, అననమ్మా. మా నాన్నకి పొద్దున్నే గంటసేపు వేళ్లూ మణికట్లూ బిగుసుకుపోయేవి. ముసురు కదరా, ఎండ కాస్తే పోతుంది అనేవారు. ఎండలు వచ్చాయి, పోలేదు. మళ్లీ ముసురు, మళ్లీ అదే మాట, అలా రెండేళ్లు. రుమటాయిడ్ అనే కీళ్లవాతం అని తేలేసరికి వేళ్లు వంకర్లు పోయాయి. మందులు మొదట్లోనే పడితే కీళ్లు అంతగా పాడవ్వవు అని అప్పుడు తెలిసింది. చివరిదాకా ఆయన చొక్కా బొత్తాలు నేనే పెట్టాను. అందుకే నొప్పిని ఎవరైనా వాన మీదకి నెట్టేస్తే ఒళ్లు మండుతుంది నాకు.

సుగుణ_58:
ఈ మాట మొదటే చెప్పుండాల్సింది మీరు. నాకూ పొద్దున బిగుస్తుంది కానీ పావుగంటలో వదులుతుంది, అదీ ఈ ఒక్క మోకాలే. సరే, డైరీ రాస్తాను. మీ కోసం కాదు, ఈసారి డాక్టరు ముందు పెట్టడానికి.

లెక్కల_మాస్టారు:
యాప్ చూడకముందే రాయండి. బిగువు ఎన్ని నిమిషాలుందో, వాపు ఉందో లేదో కూడా.

సుగుణ_58:
ఇవాళ్టిది రాశాను. సలుపు ఉంది. బిగువు పది నిమిషాలు, వాపు లేదు. ఆకాశంలో మబ్బు తునక లేదు, అది కూడా రాశాను.