పీసీఓఎస్ (అండాశయాల్లో హార్మోన్ల తేడా): సంగటి తిన్నా బరువు తగ్గదేం?

ప్రశ్న (అనంతపురం): వయసు 24, బరువు 72 కిలోలు. నెలసరి రెండు మూడు నెలలకోసారి. అన్నం మానేసి రెండు పూటలా రాగిసంగటే. కాటా కదల్లేదు. ఎక్కడ పొరపాటు?

జవాబు (కర్నూలు): ముద్ద సైజు చూసుకోమ్మా. సంగటిలో బియ్యమూ పడుతుంది, మెత్తగా ఉడికిన పిండి తొందరగా చక్కెరవుతుంది. దాంతో ఇన్సులిన్ పెరిగితే అండాశయాలు మగ హార్మోన్లు ఎక్కువ చేస్తాయి; మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు అందుకే. పిడికిలంత ముద్ద, గిన్నెడు అలసందల పులుసు లేదా రెండు గుడ్లు, ఆకుకూర. చెనక్కాయల ఊరిబిండి రెండు చెంచాలే! చెనక్కాయలో దాదాపు సగం నూనే. పొద్దున ఉగ్గాణి సరే, బజ్జీలు వద్దు.

జవాబు (కడప): 5 శాతం, అంటే సుమారు మూడున్నర కిలోలు తగ్గినా నెలసరి దారిలో పడొచ్చు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ప్రొలాక్టిన్ (పాల హార్మోన్ పరీక్ష) చేయించారా? పరగడుపు షుగర్ ఒక్కటే చాలదు; 75 గ్రాముల గ్లూకోజ్ తాగి 2 గంటలకు చూడాలి. డాక్టర్ మెట్‌ఫార్మిన్ (ఇన్సులిన్ బాగా పనిచేసేలా చేసే షుగర్ మాత్ర) రాస్తే సాధారణంగా 500 మి.గ్రా.తో, భోజనంతోపాటు మొదలవుతుంది. ఒక్కసారిగా పెంచితే విరేచనాలు, చాలామంది అక్కడే మానేస్తారు. ఏళ్లు వాడితే బీ12 విటమిన్ తగ్గొచ్చు, పరీక్ష చేయించాలి. 90 రోజులు దాటినా నెలసరి రాకపోతే ఊరుకోవద్దు, గర్భసంచి లోపొర మందమవుతుంది. గర్భం లేదని తేల్చుకున్నాకే నెలసరి రప్పించే ప్రొజెస్టిరాన్ హార్మోన్ మాత్రలిస్తారు.

ప్రశ్న: నడక చాలా అక్కా?

జవాబు (కర్నూలు): వారానికి 150 నిమిషాలు, ఆయాసం వచ్చేంత వేగంగా. మన ఎండలకు ఆరింటికే బయల్దేరాలి. వారంలో రెండ్రోజులు గుంజీలు, బరువులు కూడా. కండరం చక్కెరను లాక్కుంటుంది.