«అరహణకు… పుళుమావికు»: వెండి నాణెం వెనుక ఉన్నది తెలుగేనా?

సమూహంలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం. శాతవాహన రాజు వాసిష్ఠీపుత్ర పుళుమావి వెండి నాణెం మీద తెలుగు వాక్యం ఉందన్న మాట నిజమేనా అని ఒక సభ్యురాలు అడిగారు. ఆ నాణెం నా దగ్గర లేదు. నేను కూడబెట్టినవి చాలావరకు నిజాం కాలపు హాలీ సిక్కాలే. అయితే సేకరణ ఎంత ఇష్టమో నాణేల పుస్తకాలు చదవడం అంతకంటే ఇష్టం కనుక, ఈ ప్రశ్నకు కొంత వివరంగానే జవాబు రాస్తున్నాను.

నాణెం ముందువైపు రాజు ముఖం, దాని చుట్టూ బ్రాహ్మీ లిపిలో ప్రాకృతం: «రఞో వాసిఠిపుతస సిరి పుళుమావిస». వెనుకవైపు ఉజ్జయినీ చిహ్నం (నాలుగు కొసలా సున్నాలున్న కూడిక గుర్తు), కొండ గుర్తు, వాటి చుట్టూ అదే లిపిలో మరో భాష: «అరహణకు వాహిట్టి మకణకు తిరు పుళుమావికు». రెండింటి అర్థమూ ఒకటే: ఇది వాసిష్ఠి కొడుకైన శ్రీ పుళుమావి రాజుది.

ఈ రెండు వాక్యాలనూ కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకుని చూడండి. ప్రాకృతంలో ‘స’ ఉన్నచోట వెనుకవైపు ‘కు’ ఉన్నది. కి, కు, యొక్క, లో, లోపల అని షష్ఠీ విభక్తిని బడిలో వల్లె వేసిన వారెవరికైనా ఆ ‘కు’ దగ్గర మనసు ఆగకుండా ఉండదు; ‘ఆయనకు ఇద్దరు కొడుకులు’ అన్నప్పుడు మనం నేటికీ సంబంధార్థంలోనే దానిని వాడుతున్నాము. అయినా ఇంతమాత్రం చేత తెలుగని తేల్చడం తొందరపాటే అవుతుంది, ఎందుకంటే కొడుకు అనే అర్థంలో ‘మకన్’ తమిళంలో ఈనాటికీ నిలిచి ఉండగా, మనకు దాని చుట్టాలుగా మిగిలినవి మగ, మగడు వంటి మాటలు. అందుకే కొందరు పండితులు దీనిని తమిళమన్నారు, కొందరు తమిళానికి దగ్గరి దేశభాష అన్నారు. నాకు రెండో మాటే సబబుగా తోస్తున్నది. అదే వంశపు వాసిష్ఠీపుత్ర శాతకర్ణి వెండి నాణెం మీద ఇదే తీరు వాక్యం «అరహణష వాహిట్టి మకణష తిరు హాతకణిష» అని ఉంది. ‘కు’ పోయి ప్రాకృతపు షష్ఠిని తలపించే ‘ష’ వచ్చింది. అరస అరహ కావడం, వాసిట్టి వాహిట్టి కావడం, సాతకణి హాతకణి కావడం గమనిస్తే, ‘స’ను ‘హ’గా పలికిన జనం నోటి మాట నాణెం మీదికి ఎక్కిందని తెలుస్తుంది. శాసనాలను దాదాపుగా ప్రాకృతంలోనే రాయించిన రాజులు చేతులు మారే వెండి మీద దేశభాషకు చోటివ్వడం నన్ను ప్రతిసారీ ఆశ్చర్యపరుస్తుంది.

మన వైపు, జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో దొరికిన నాణేలు ఇంకా పాతవి. శాసన పరిశోధకులు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు వెలుగులోకి తెచ్చిన వాటిలో గోభద, సమగోప, నారణ వంటి శాతవాహనులకు ముందరి రాజుల పేర్లున్నాయి. ఆ వంశానికి మూలపురుషుడైన ఛిముక శాతవాహనుని పేరూ ఉంది. వాటి మీద ఉన్నది ప్రాకృతమే. హనుమకొండలో 1904లో వెలసిన రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయంలో భూతద్దం పెట్టుకుని ఆ నాణేల బొమ్మల నకళ్ల మీద «రఞో గోభదస» అన్న అక్షరాలను కూడబలుక్కున్నప్పటి ఆనందం ఎంత విలువైన నాణెం కొన్నా కలుగదు.

స్పందన: చాలా సంతోషమండీ. కాని ‘తిరు’ మనకు తిరుమల, తిరుపతి పేర్లలో ఉన్నది కదా, దానిని తెలుగుకు సాక్ష్యంగా తీసుకోకూడదా?

జవాబు: తీసుకోవడం కష్టమండీ. ఆ రెండూ క్షేత్రాల పేర్లు. మన వాడుకలో ఉన్నది సిరి: సిరిసంపదలు, సిరిమంతుడు. అంటే ఈ ఒక్క మాటలో తెలుగు నాణెం ముందువైపున్న ప్రాకృతంతోనే కలుస్తున్నది. తరువాతి శాతవాహన రాజు యజ్ఞశ్రీ నాణేల వెనుకవైపు ఆ సిరియే ‘హిరు’ అయి కనిపిస్తుంది, అక్కడా ‘స’కు ‘హ’ వచ్చింది. పుస్తకంలో అచ్చయిన పాఠాన్ని మాత్రమే చూసి ఊరుకోవద్దని నా మనవి. ముద్ర సరిగా పడక ఒక నాణెం మీద ‘అరహ’ వరకే, మరొకదాని మీద ‘మకణకు’ మాత్రమే మిగులుతాయి; అలాంటి తునకలను పక్కపక్కన పేర్చి చదివితేనే పూర్తి వాక్యం వస్తుంది. 1908లో బ్రిటిష్ మ్యూజియం అచ్చువేసిన ఆంగ్ల పండితుడు రాప్సన్ ఆంధ్ర (అంటే శాతవాహన) నాణేల పట్టికలో చివరనున్న ఛాయాచిత్రాలతో మొదలుపెట్టండి. ముందు అక్షరాలు మీరే పోల్చుకుని, ఆ తరువాతే ఆయన ఇచ్చిన పాఠం చూడండి.