యాంటీబాడీకి డై అంటుకోవడం లేదు, తప్పు ఎక్కడ జరుగుతోంది?

విశాఖ_రీసెర్చ్:
నమస్కారం అండి. రెండోసారి కూడా ఫెయిలయింది, చాలా టెన్షన్‌గా ఉంది. అలెక్సా ఫ్లోర్ 488 ఎన్‌హెచ్ఎస్ ఎస్టర్ అనే వెలుగునిచ్చే డైతో మౌస్ ఐజీజీని (ఎలుక యాంటీబాడీ) లేబుల్ చేస్తున్నాను. గంటసేపు చీకట్లో ఉంచి అణువులను సైజును బట్టి వేరుచేసే జీ-25 కాలమ్‌లో వేస్తే, యాంటీబాడీతో పాటు ముందు దిగాల్సిన పసుపు పట్టీ రానే లేదు, రంగంతా పైన ఆగిపోయి చివర్లో మెల్లగా దిగింది. ముందు ఫ్రాక్షన్లలో 280 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ చూస్తే ప్రోటీన్ మాత్రం కనిపిస్తోంది. యాంటీబాడీని కొన్న ట్యూబులోంచి నేరుగా తీసి వాడాను, 1 మి.గ్రా./మి.లీ. డై పాడైపోయిందా?

ప్రోటీన్_పని:
ముందు ఆ ట్యూబు ఏ బఫర్‌లో వచ్చిందో చూడండి. ట్రిస్ అయితే డైని అనుమానించక్కర్లేదు. ఈ డై ప్రోటీన్‌లో లైసిన్ల (ఒక రకం అమైనో ఆమ్లం) అమైన్‌కి అంటుకుంటుంది, ట్రిస్‌లోనూ ప్రైమరీ అమైన్ ఉంది. 50 మిల్లీమోలార్ ట్రిస్ అనుకుంటే మీ గాఢతలో ఒక్కో యాంటీబాడీకి దాదాపు 7500 ట్రిస్ అణువులు, ఇక డై యాంటీబాడీ దాకా ఎక్కడ వస్తుంది! రాత్రంతా 4 డిగ్రీల దగ్గర పీబీఎస్‌లోకి (అమైన్ లేని ఫాస్ఫేట్ బఫర్) డయాలిసిస్ చేసి, అంటే సన్నని పొర గుండా ట్రిస్‌ని బయటికి పంపి, 2 మి.గ్రా./మి.లీ.కి కాన్సన్‌ట్రేట్ చేసి, పదో వంతు 1 మోలార్ సోడియం బైకార్బొనేట్, పీహెచ్ 8.3ది, కలిపి అప్పుడు డై వేయండి.

కాన్ఫోకల్_అక్క:
బీఎస్ఏ (యాంటీబాడీ చెడకుండా కలిపే ప్రోటీన్) ఉందేమో కూడా చూడు తల్లీ, డయాలిసిస్‌తో అది పోదు, డైలో సగం అదే తినేస్తుంది. ఇంకోటి, ఫ్రీజర్‌లోంచి తీసిన డై వయల్‌ని గది వేడికి వచ్చేదాకా మూత తీయకు. మీ సముద్రపు గాలికి చల్లటి గాజు మీద నిమిషంలో చెమ్మ పడుతుంది, ఆ నీళ్లే ఎస్టర్‌ని విరగ్గొట్టేస్తాయి. డైని కరిగించే డీఎంఎస్ఓ కూడా తేమ లేనిదే వాడు, కలిపిన వెంటనే వేసెయ్.

విశాఖ_రీసెర్చ్:
ట్రిస్సేనండి, బీఎస్ఏ లేదు. మీరిద్దరూ చెప్పినట్టే చేశాను, ఈసారి పసుపు పట్టీ విడిపోయి ముందే దిగింది, చూస్తుంటే కళ్లు చెమ్మగిల్లాయి. శోషణ 280 దగ్గర 0.9, డై పీల్చుకునే 494 దగ్గర 1.2 వచ్చింది. సరిపోతుందా?

ప్రోటీన్_పని:
280లోంచి డై వాటా తీసేయాలి, ఈ డైకి 494 దగ్గరి 1.2ని 0.11తో గుణించి తీస్తే 0.77 మిగులుతుంది. దాన్ని యాంటీబాడీ మోలార్ శోషణ గుణకం 2,10,000తో, 1.2ని డై గుణకం 71,000తో భాగించి, రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే యాంటీబాడీకి సుమారు 4.6 డైలు. బాగుంది, ఇంకా ఎక్కించాలని చూడకండి, మరీ ఎక్కువైతే డైలు ఒకదాని వెలుగు ఒకటి తగ్గించుకుంటాయి, యాంటీజెన్‌ని పట్టుకునే చోట లైసిన్ ఉంటే పట్టు కూడా పోతుంది. ట్యూబుకి ఫాయిల్ చుట్టి 4 డిగ్రీల్లో పెట్టి, యాంటీజెన్ లేని కణాలను పక్కన పెట్టుకుని స్టెయిన్ చేసి చూడండి.