శాన్ లూయిస్ ఒబిస్పో ఊరి పేరులో ఉన్న లూయిస్ ఎవరు?

బే ఏరియా బాటసారి:
పోయిన వారం పిల్లలతో లాస్ ఏంజిలెస్ వెళ్తూ కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పోలో భోజనానికి ఆగాం. ఊరి మధ్యలో పాత మిషన్ గుడి ఉంది, 1772లో మొదలైందట. ఊరి పేరుకి 'బిషప్ అయిన పునీత లూయిస్' అని అర్థమట. మా బావమరిది ఉండే మిస్సోరీ సెయింట్ లూయిస్ కూడా ఈయన పేరేనా అని మా అమ్మాయి అడిగితే అవునని చెప్పేశాను. ఇప్పుడు డౌటుగా ఉంది.

పాత పంతులు:
కాదని మళ్లీ చెప్పండి బాబూ. మిస్సోరీ ఆయన ఫ్రాన్సు రాజు తొమ్మిదో లూయీ. మీరు చూసిన ఊరి ఆయన ఫ్రాన్సులోని తులూజ్ బిషప్ లూయీ. ఆ రాజు ఈయన తాతకి సొంత అన్న.

మా ఆర్.సి.ఎం. (రోమన్ కాథలిక్) ఇళ్లలో పునీత అంతోని గారిని తలచుకోని రోజుండదు, ఈ లూయీని మాత్రం ఎవరూ పట్టించుకోరు. నాకు ఆయనంటే జాలి. 1274లో పుట్టాడు. తండ్రి రెండో చార్లెస్, తర్వాత నేపుల్స్ రాజు. తల్లి హంగరీ రాజకుమారి మరియ. సిసిలీ కోసం జరిగిన యుద్ధంలో, 1284లో, ఆ తండ్రి సముద్రం మీద అరగాన్ (ఇప్పటి స్పెయిన్‌లో ఒక రాజ్యం) వాళ్లకి దొరికిపోయాడు. 1288లో వదిలారు, ఊరికే కాదు, ముగ్గురు కొడుకుల్ని తాకట్టు పెట్టుకుని! అప్పటికి లూయీకి పద్నాలుగేళ్లు. ఏడేళ్లు అరగాన్ వాళ్ల కాటలోనియాలో బందీ. అక్కడ చదువు చెప్పింది ఫ్రాన్సిస్కన్ మఠం వాళ్లు, అంటే పునీత ఫ్రాన్సిస్ దారిలో పేదరికాన్ని వ్రతంగా పాటించే సన్యాసులు. ఆ పేదరికం ఆయనకి అక్కడే పట్టుకుంది.

1295లో బయటికొచ్చాడు. అదే ఏడాది అన్న పోయాడు, సింహాసనం ఈయన ముందుకొచ్చింది. మరుసటి ఏడాది తమ్ముడు రాబర్ట్‌కి ఇచ్చేశాడు. ఎనిమిదో బోనిఫేస్ పోపు తులూజ్ బిషప్ పీఠం తీసుకోమంటే, ముందు ఫ్రాన్సిస్కన్ సభలో చేరతాను, ఆ తర్వాతే పీఠం అన్నాడు. 1296 క్రిస్మస్ ముందురోజు రోములో సన్యాస మాటపట్టు (వ్రత ప్రమాణం), వారం తిరక్కుండా బిషప్ అభిషేకం. అయితే తండ్రి నొచ్చుకుంటాడని సన్యాసి అంగీని పైబట్టల కింద దాచుకోమన్నారు పోపు. ఫిబ్రవరిలో ఇక దాచలేదు. అంగీతో, కాళ్లకి చెప్పుల్లేకుండా రోము వీధుల్లో నడుచుకుంటూ పేతురు గుడికి వెళ్లాడు.

తులూజ్‌లో ఉన్నది కొద్ది నెలలే. పీఠం కూడా వద్దనుకుని రోముకి బయల్దేరి, దారిలో బ్రిన్యోల్ అనే ఊళ్లో జబ్బుపడి 1297 ఆగస్టు 19న చనిపోయాడు. 23 ఏళ్లు.

అడ్డుప్రశ్న:
మాస్టారూ, రాజుగారి కొడుకు కాబట్టేగా 22 ఏళ్లకే బిషప్ అయ్యాడు? కూలోడి కొడుక్కి ఇచ్చేవాళ్లా?

పాత పంతులు:
ఇచ్చేవాళ్లు కాదు. పునీతుడు కావడంలోనూ ఇంటివాళ్ల చెయ్యి ఉంది. 1317లో ప్రకటించిన ఇరవై రెండో జాన్ పోపు ఒకప్పుడు లూయీ నాన్న కొలువులో చాన్సలర్. అన్న పునీతుడు కావాల్సిన అవసరం రాబర్ట్‌కి గట్టిగానే ఉంది. పెద్దన్న కొడుకు ఒకడున్నాడు, వరస ప్రకారం నేపుల్స్ అతనికి రావాలి. ఆ కుర్రాడు హంగరీకి రాజయ్యాడు, నేపుల్స్ బాబాయి దగ్గరే ఉండిపోయింది. నేపుల్స్‌లోని కపోదిమోంతే మ్యూజియంలో సిమోనే మార్తీని వేసిన పటం చూడండి. దేవదూతలు లూయీకి కిరీటం పెడుతుంటారు, లూయీ మోకరించిన తమ్ముడికి పెడుతుంటాడు. గద్దె నాదే, అన్న ఇచ్చాడు అని ఊరంతటికీ చూపించడం! కానీ ఆ బంగారు పట్టువస్త్రం కింద గోధుమరంగు అంగీ, నడుముకి తాడు కనిపిస్తాయి. నా చూపు ఎప్పుడూ ఆ తాడు మీదే పడుతుంది.

బే ఏరియా బాటసారి:
థాంక్స్ మాస్టారూ. అమ్మాయికి ఇదంతా చెప్పాను. తనకి ఆ తాకట్టు సంగతే పట్టుకుంది. "వాళ్ల నాన్న మీద కోపం రాలేదా?" అంటోంది.

పాత పంతులు:
అయితే ఇది కూడా చెప్పండి. లూయీని ఫ్రాన్సు రేవు మార్సెయ్‌లో ఫ్రాన్సిస్కన్‌ల దగ్గర పాతిపెట్టారు. 1423లో అరగాన్ రాజు ఐదో అల్ఫోన్సో ఆ ఊరి మీద పడి దోచుకుంటూ, ఆయన అస్థికల్ని కూడా వాలెన్సియాకి పట్టుకుపోయాడు. మళ్లీ అరగాన్ వాళ్లే!