సమస్యాపూరణం: “చేతఁ గాసు లేక చేసె విందు”

నిర్వాహకుడు (నల్లగొండ):
ఈ పర్యాయం సమస్యను ఆటవెలది నాలుగవ పాదంగా ఇస్తున్నాను. విషయం పెండ్లిరోజు. మా తల్లిదండ్రుల కాలంలో నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పెండ్లిరోజు చేసుకోవడమనే అలవాటు పెద్దగా ఉండేది కాదు. ఇప్పుడు కేకు, హోటలు భోజనం, కొత్త చీర లేకుంటే ఆ దినం వెలితిగా గడిచినట్లు భావించే ఇండ్లు పెరిగాయి. నెలాఖరున వచ్చిన పెండ్లిరోజు ఆలుమగల నడుమ మాట పట్టింపుగా మారడం నేను దగ్గరగా చూశాను కనుకనే ఈ పాదం తోచింది.

విందు చేయాలంటే కాసు కావాలి. కాసు లేదని పాదమే చెబుతున్నది. ఆ విరోధాన్ని పరిహరించడమే పూరణ. కొత్తగా చేరినవారి కోసం లక్షణం చెబుతాను: ఒకటవ, మూడవ పాదాలలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు, రెండవ, నాలుగవ పాదాలలో ఐదు సూర్యగణాలు, నాలుగవ గణం మొదటి అక్షరానికి యతి, ప్రాసయతి చెల్లుతుంది, ప్రాస నియమం లేదు. ఇచ్చిన పాదంలో “చే”కు “చే” యతి. వీటికి తోడు నాదొక కోరిక ఉన్నది: “లేక” అన్న మాటకు మీ పద్యం లెక్క చెప్పాలి. వస్తువు ఎక్కడి నుండి వచ్చిందో, ఎవరి చేయి కదిలిందో పద్యంలో కనబడకపోతే విందు జరిగిందని పాఠకుడు నమ్మడు.

మిర్యాలగూడ సభ్యుడు:

పెండ్లి రోజు వచ్చె, బియ్యమ్ము బెల్లమ్ము
పాలు గలిపి వండెఁ బాయసమ్ము;
ఇంటి మల్లె దురిమి యింతి సిగను దాను
చేతఁ గాసు లేక చేసె విందు.

నిర్వాహకుడు:
ధార చక్కగా ఉన్నది. “పె–బి”, “పా–బా”, “ఇ–యి” యతులన్నీ సరిపోయాయి. భర్త స్వయంగా వండి, స్వయంగా పూలు తురమడం నాకు ఎంతో నచ్చింది. అయితే రెండు చోట్ల ఆగవలసి వచ్చింది. “పాయసమ్ము” తరువాత పాదం “ఇంటి” అని అచ్చుతో మొదలైనందున విసంధి (సంధి జరగవలసిన చోట జరగకపోవడం) ఏర్పడింది. విరామ చిహ్నం పెట్టినంత మాత్రాన ఉత్వసంధి తప్పదు. రెండవది అర్థానికి సంబంధించినది, నా దృష్టిలో ఇదే పెద్దది. మల్లెపూలు మాత్రమే ఇంటివని చెప్పారు. బియ్యం, బెల్లం, పాలు కూడా కొనవలసినవే కదా, అవి ఎక్కడివి? మూడవ పాదానికి నా సూచన ఇది:

పెరటి మల్లె దురిమి ప్రియురాలి సిగ దిద్ది

“పె–ప్రి” యతి సరిపోతుంది, విసంధి తొలగుతుంది. బియ్యం, బెల్లం, పాల సంగతి మీరే తేల్చండి.

దేవరకొండ సభ్యురాలు:

ఒక్క టికెటుతోడ నూరు దాటిన జంట
పానగల్లు చేరి భవుని నీడఁ
గాంచి మురిసి, మూటఁ గట్టిన రొట్టెలే
చేతఁ గాసు లేక చేసె విందు.

మన రాష్ట్రంలో 2023 డిసెంబరు 9 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ప్రయాణం ఉచితం కనుక ఇద్దరికీ కలిపి ఒక్క టికెట్టు కొంటే చాలింది. జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయల తొక్కు ఇంటి నుండి తీసుకొనివెళ్ళి, గుడి దర్శనమయ్యాక చెరువు గట్టు దగ్గర తిన్నాము.

మిర్యాలగూడ సభ్యుడు:
టికెట్టు కొన్నవారి చేతిలో కాసు ఉన్నట్లే కదా? “ఉన్న కాసు టికెటు కొసఁగి వెళ్ళిన జంట” అంటే ఆ చివరి కాసు కూడా ఖర్చయినట్లు తెలుస్తుంది.

నిర్వాహకుడు:
మీ సవరణలో గణాలు, యతి సరిగానే ఉన్నాయి. కాని నేను మూలాన్నే నిలుపుతాను. “ఒక్క టికెటు” అనగానే ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చున్న బస్సు కళ్ళముందు కదులుతుంది. సవరణలో ఆ చిత్రం పోతుంది. టికెట్టుతోనే కాసు అయిపోయిందని నాలుగవ పాదం చదివినప్పుడు దానంతట అదే తోస్తుంది. “టికెటు” పద్యంలో వాడదగునా అని ఎవరైనా అడుగుతారేమో. బస్సులో అందరం పలికే మాటను తప్పించి “ప్రయాణపత్రము” అని రాస్తే పద్యం బస్సు దిగిపోతుంది.

“భవుని నీడ” దగ్గర కొంచెంసేపు నిలిచాను. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి మూడు గర్భగుళ్ళు ఉన్నాయి. వాటిలో ఒకదానిలో లింగం వెనుక గోడమీద పడే స్తంభాకారపు నీడ పగలంతా చోటు మారకుండా నిలుస్తుంది. ఆ గుడి పేరు దాని వల్లనే వచ్చింది. అది స్తంభపు నీడగా కనిపిస్తుంది కాని శివుని నీడ కాదు కనుక వస్తుస్థితిని బట్టి చూస్తే పదం తప్పినట్లు అనిపిస్తుంది. అయితే “నీడ” అంటే ఆశ్రయం కూడా. పొద్దు ఎటు తిరిగినా వీడని నీడను పెండ్లిరోజున ఆలుమగలు చూడడానికి వెళ్ళడంలోనే పద్యంలోని శృంగారమంతా ఉన్నది. కవయిత్రి దానిని విప్పి చెప్పకుండా వదిలినందుకు అభినందనలు.

నారాయణపేట సభ్యురాలు:

పాలమూరు విడిచి పనికేఁగె నా భర్త;
పెండ్లిరోజు నాఁడు ప్రేమ మీఱ
నూళ్ళ కవలనుండి యొక్క ఫోనే తాను
చేతఁ గాసు లేక చేసె, విందు.

నిర్వాహకుడు:
ఈ వారం పూరణలన్నిటిలో నేను ఎక్కువసార్లు చదువుకున్నది ఇది. “చేసె” దగ్గర వాక్యం ముగిసింది. “విందు” అనగా “వినుదును” అని ఉత్తమపురుష క్రియ అయింది. కాసు లేనివాడు ఫోను చేశాడు, నేను వింటాను అని ఆమె అంటున్నది. వినడమే విందు అయిందన్న రెండవ అర్థం కూడా చెరగలేదు. పాదాన్ని ఇలా విరిచి అర్థాన్ని మార్చడం అవధానాలలో సమస్య ఇచ్చే పృచ్ఛకుడు ఆశించే నేర్పు. ఇక్కడ ఆ నేర్పు ప్రదర్శన కోసం కాక, వలస వెళ్ళినవాని ఇల్లాలి గొంతు కోసం ఉపయోగపడింది. పాలమూరు వలసను ఎరిగినవారికి ఈ ఫోను విలువ చెప్పనవసరం లేదు.

ఒక్క పదం మాత్రం బరువు మోయడం లేదు. “ప్రేమ మీఱ” అనేది ఏ పద్యంలోనైనా ఇమిడే పూరకం. ఫోనులోనే ప్రేమ ఉన్నప్పుడు దానిని మళ్ళీ పేరు పెట్టి చెప్పవలసిన పని లేదు.

దేవరకొండ సభ్యురాలు:
“పెండ్లిరోజటంచుఁ బెందలాడ” అంటే ఎలా ఉంటుంది? పనిలోకి వెళ్ళకముందే, తెల్లవారుజామునే ఆయనకు ఆ రోజు గుర్తుకు వచ్చిందని తెలుస్తుంది.

నారాయణపేట సభ్యురాలు:
స్వీకరించాను. నిజానికి ఆ ఫోను ఐదు గంటలకే వచ్చింది.

గద్వాల విద్యార్థి:
నాకిది మొదటి పద్యం. తప్పులుంటే చెప్పండి.

కొనఁగ లేక చీర గద్వాల పట్టంచు
దాని వెలను జూచి తల్లడిల్లి,
పెండ్లి చీరఁ దీసి పెట్టెలోపలినుండి
చేతఁ గాసు లేక చేసె విందు.

నిర్వాహకుడు:
కవిపండితులను ఆదరించి “విద్వద్గద్వాల” అనిపించుకున్న ఊరి నుండి మొదటి పద్యం రావడం సంతోషంగా ఉన్నది. గణాలు అన్నీ కుదిరాయి. “గద్వాల” తగణం కనుక సూర్యగణాల చోట ఇమడదు. దానిని నాలుగవ గణంలో పెట్టడం తెలిసి చేసిన పని. కాని యతి తప్పింది: “కొ”లోని ఒకారానికి “గ”లోని అకారం కలవదు. అంతకన్నా ముఖ్యంగా, పెట్టెలో నుండి చీర తీయడానికి, విందుకు మధ్య వంతెన లేదు. చీర ఎవరికి విందు? కన్నులకు. ఆ మాట పద్యంలోకి రావాలి. ఇంకొక సంగతి: మీ పద్యంలో వెల చూసి తల్లడిల్లినది భర్త. నూలు చీరకు పట్టు అంచును కలిపి నేసే పనిలో ఎంత శ్రమ ఉన్నదో గద్వాలవారికి తెలుసు కనుక ఆ వెల అన్యాయమని ఎవరూ అనరు. ఆ తల్లడింపును భార్యకు ఇచ్చి చూద్దాము:

కాంత కోరు చీర గద్వాల పట్టంచు;
దాని వెలను జూచి తల్లడిల్లి,
పెండ్లి చీరఁ గట్టి ప్రియుని కన్నుల కామె
చేతఁ గాసు లేక చేసె విందు.

ఇప్పుడు చీర వద్దనుకొన్నది ఆమె, విందు చేసినది ఆమె. మీ రెండవ పాదాన్ని ఒక్క అక్షరం కూడా మార్చలేదని గమనించండి.

మిర్యాలగూడ సభ్యుడు:
నా పద్యానికి తిరిగి వచ్చాను. బియ్యం సాగర్ ఎడమ కాలువ కింది మా పొలానివి, పాలు మా గేదెవి. బెల్లం ఒక్కటే ఇంట్లో లేదు. అందుకని ఇలా మార్చాను:

పెండ్లి రోజు వచ్చె. బెల్ల మరువు దెచ్చి
పాడిపాల వండెఁ బాయసమ్ము;
పెరటి మల్లె దురిమి ప్రియురాలి సిగ దిద్ది
చేతఁ గాసు లేక చేసె విందు.

నిర్వాహకుడు:
“అరువు” అన్న ఒక్క పదంతో లెక్క తేలింది. బియ్యం పేరు పోయినా పాయసమన్నప్పుడు అది ఉన్నట్లే. ఇక ఈ పద్యంలో మార్చవలసినది నాకు కనబడడం లేదు.

మిర్యాలగూడ సభ్యుడు:
ధన్యవాదాలు. బెల్లం ఇచ్చిన పక్కింటి వదినకు ఆ రోజే గిన్నెడు పాయసం పంపాము. జీతం వచ్చిన తరువాత బెల్లం కూడా తిరిగి ఇచ్చాము.