పాత ప్లాస్టిక్ ట్యాంకును బోరు నీళ్లకు సంపులా వాడుకోవచ్చా?

పొదిలి_బాబు:
మాది కనిగిరి వైపు ఊరు. బోరులో నీళ్లు తగ్గాయి, మోటార్ వేస్తే పావుగంట బాగా వస్తాయి, తర్వాత గాలి కొడుతుంది, మళ్లీ గంట ఆగాలి. మేడ మీద కొత్త ట్యాంకు పెట్టాం కాబట్టి పాత 1000 లీటర్ల నల్ల ట్యాంకు ఖాళీగా పడి ఉంది. దాన్ని బోరు పక్కన గుంత తీసి పూడ్చేసి, బోరు నీళ్లు అందులో నింపి, చిన్న మోటారుతో పైకి ఎక్కిద్దామని ఆలోచన. అడుగున ఒకచోట సన్నటి పగులు ఉంది, ఎంసీల్ పెడితే సరిపోతుందా?

పంపుల_మేస్త్రి:
ఐడియా మంచిదే తమ్ముడూ, పూడ్చడం మాత్రం వద్దు. మేడ మీద పెట్టే ట్యాంకు గోడ లోపలి నీళ్ల బరువుకు ఆగుతుందే గానీ బయటి మట్టి ఒత్తిడికి ఆగదు. ఖాళీ అయినప్పుడు లోపలికి నొక్కుకుపోతుంది, గట్టి వానకు గుంతలో నీళ్లు చేరితే పైకి తేలుతుంది కూడా. నేల మీదే పెట్టు. చిన్న మోటారు ట్యాంకు అడుగు కంటే కిందుంటే నీళ్లు వాటంతటవే మోటారులోకి దిగుతాయి, ఫుట్ వాల్వు, నీళ్లు పోసి ప్రైమింగ్ చేసే తలనొప్పి ఉండదు. ఎంసీల్ ఆ ప్లాస్టిక్‌కు నాలుగు రోజులు కూడా పట్టదు, వేడి చేసి అదే రకం ప్లాస్టిక్‌తో అతికేవాళ్లు ఉంటారు, వాళ్లను పిలిపించు.

అసలు పని బోరు దగ్గర ఉంది. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న నీళ్లే, గాలి కొడుతుంటే తిప్పావంటే బుష్‌లు అరిగి వైండింగ్ కాలిపోతుంది. బోరు డెలివరీ పైపు మీద గేట్ వాల్వు పెట్టి కొంచెం మూసి చూడు, ధార తగ్గుతుంది గానీ ఎక్కువసేపు ఆగకుండా రావచ్చు. దాంతోపాటు స్టార్టర్‌లో నీళ్లు రాకపోతే మోటారును ఆపేసే డ్రై రన్ కటాఫ్, ట్యాంకులో నిండగానే ఆపేసే ఫ్లోట్ స్విచ్ ఉండాలి.

రేపల్లె_రాజు:
మేము పూడ్చాం అన్నా, రెండేళ్లయింది, ఏం కాలేదు. చుట్టూ ఇటుక గోడ కట్టించాం అనుకోండి.

పంపుల_మేస్త్రి:
మట్టిని మోసేది ఆ గోడే కదా రాజూ. ఆ ఖర్చుకు ఇంకొంచెం కలిపి లోపల ప్లాస్టరింగ్ చేయిస్తే సిమెంటు సంపే అయ్యేది, ట్యాంకు ఎందుకు?

సుజాత_ఎం:
బాబు గారూ, ముందు అడుగున ఉన్న బురద తీసి బాగా తోమించండి. తర్వాత ట్యాంకు నిండా నీళ్లు పట్టి 150 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరును విడిగా బకెట్‌లో కలిపి, పైన తేరిన నీళ్లు మాత్రం పోసి, ఒక రాత్రి ఉంచి మొత్తం వదిలేయండి. ఆ నీళ్లు మొక్కలకు పెట్టకండి. గాలి గొట్టానికి దోమల వల కట్టండి.

ఇంకో మాట, మీ వైపు ఫ్లోరైడ్ సమస్య ఉంది కదా. అది బ్లీచింగ్‌తో పోదు, మరగబెట్టినా పోదు. తాగడానికి లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) ల్యాబ్‌లో ఒకసారి పరీక్ష చేయించండి, అప్పటిదాకా ఈ నీళ్లు వాడకానికే.

పొదిలి_బాబు:
థాంక్స్ అక్కా. తాగేది క్యాన్ నీళ్లేలెండి. పూడ్చడం మానేస్తున్నా. పాత ఇనుప స్టాండు ఉంది, దాని మీద పెట్టనా అన్నా?

పంపుల_మేస్త్రి:
నిండితే నీళ్లే టన్ను బరువు. స్టాండు కమ్మీల మధ్య సందుల్లో అడుగు జారి ఉన్న పగులు ఇంకా పెరుగుతుంది. అడుగు మొత్తం ఆనేలా చదునైన సిమెంటు దిమ్మె కట్టించు, మోటారును దాని పక్కన నేల మీద బిగించు.